తెల్ల కార్డు మీద ఆయిల్ చుక్క

అక్టోబర్ 3

కారిన్,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. బాగుండక ఎక్కడికి పోతాను? పొద్దున ఆరింటికి లెక్కపెడతారు, సాయంత్రం నాలుగింటికి లెక్కపెడతారు, మధ్యలో లాండ్రీలో దుప్పట్లు మడతపెడతాను. ఇరవై ఏళ్లు రైతుల కో-ఆపరేటివ్ షెడ్డులో కోత కంబైన్ల కింద పడుకుని పనిచేసిన చేతులివి. గోళ్ల కింద నలుపంతా పోయింది. చూసుకుంటే నా చేతుల్లాగే లేవు.

అసలు సంగతికి వస్తాను. బండి మైళ్లు ముప్ఫై ఎనిమిది వేలు దాటాయని రాశావు. దాటే దాకా ఏం చేస్తున్నావు? నా జన్మలో షోరూము నుంచి కొత్తగా తెచ్చుకున్న పికప్ అదొక్కటే. కొన్న తొమ్మిది నెలలకే ఇక్కడికొచ్చి పడ్డాను. వాడుకో, కాదనను. కానీ నేను చెప్పినట్టు చూసుకో.

డ్యాష్‌బోర్డు మీద ‘ఆయిల్ ఇంకా నలభై శాతం బాగుంది’ అని చూపిస్తుంది. నమ్మకు. అది బండి అమ్మినవాడి లెక్క. మన చలికీ, మన కంకర రోడ్లకీ ఐదు వేల మైళ్లకి మార్చి తీరాలి. ఇంజన్ పావుగంట నడిపి, ఆయిల్ వేడెక్కాక ఆపు. డ్రెయిన్ బోల్ట్ విప్పి గంట సేపు అలా వదిలెయ్యి. అరగంట కాదు, గంట. బోల్టుకి కొత్త వాషర్ వెయ్యి. కొత్త ఫిల్టర్ రబ్బరుకి వేలితో ఆయిల్ రాసి చేత్తోనే బిగించు, స్పానర్ ముట్టుకోకు. ఎనిమిది డబ్బాలు పోసి, ఐదు నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ దింపి ఆయిల్ మట్టం చూడు. తేదీ, మైళ్లు మన ఇంటి షెడ్డు తలుపు మీద రాయి. నాన్న ట్రాక్టరు నుంచీ అన్నీ ఆ తలుపు మీదే ఉన్నాయి.

ఒక్కటే షరతు. ఆ బండి మీద లోవెల్ చెయ్యి పడకూడదు. నీకు మొగుడే కావచ్చు. నాకు మాత్రం, కోర్టులో నిలబడి ‘అవునండీ, మా బావ తాగే నడిపాడు’ అని నన్ను ఇక్కడికి పంపిన మనిషి.

మార్చి 20న పెరోల్ బోర్డు ముందుకి వెళ్తాను. ఒప్పుకుంటే మే నెలకి ఇంటికి. లేదంటే ఇంకో రెండేళ్లు. నా ప్రాణమంతా ఆ తేదీ మీదే ఉంది.

మీ అన్నయ్య,
ట్రెంట్

*

అక్టోబర్ 22

అన్నయ్యా,

చర్చిలో కూడా ఇన్ని నియమాలు లేవు. నీ ఉత్తరం షెడ్డు గోడకి పిన్ను పెట్టి, ఒక్కొక్క వాక్యం చదువుకుంటూ మొన్న శనివారం పని పూర్తి చేశాను. గంటే వదిలాను. గడియారం పెట్టుకుని మరీ. వాషర్ కొత్తదే. ఫిల్టర్లో కూడా ముందే కాస్త ఆయిల్ నింపి బిగించాను, ఇంజన్ తిరగ్గానే ఒక్క క్షణం కూడా ఎండిపోకుండా. తలుపు మీద రాశాను: 38,412. నీ రాతతో పోలిస్తే కోడి గీకినట్టుంది.

ధాన్యం గోదాములో పని ఎక్కువగా ఉంది. మొక్కజొన్న లారీలు రోడ్డు దాకా బారులు తీరి ఉంటున్నాయి. డ్రైవర్లు దొరక్క స్కూలు వాళ్లు లోవెల్ బస్సు రూటు ఈ ఏడాది పెంచారు. ఎనిమిది ఇళ్లు ఎక్కువ. పొద్దున నాలుగున్నరకే లేచి బస్సు వేడి చేసుకుంటాడు. కిండర్‌గార్టెన్ పిల్ల ఒకతి దిగేముందు రోజూ అతని టోపీ లాక్కుని పోతుందట, తెల్లారి తిరిగి ఇస్తుందట. పదకొండేళ్లుగా ఆ పిల్లలే అతని లోకం. మాకు పుట్టలేదు కదా.

హాకన్సన్ పెద్దాయన కిరాణా కొట్లో కనబడ్డాడు. కొత్త కాలు అలవాటయిందట. మెయిల్‌బాక్సు దాకా ఎవరి సాయం లేకుండా నడుస్తున్నాడట. నిన్ను అడిగాడు. నిజంగానే అడిగాడు, దెప్పడానికి కాదు. నువ్వొక ముక్క రాస్తే సంతోషిస్తాడేమో.

మార్చి 20కి నేను వస్తాను. నీకు కొత్త చొక్కా ఒకటి తీసి పెట్టాను.

నీ చెల్లి,
కారిన్

*

నవంబర్ 8

కారిన్,

హాకన్సన్ సంగతి నాకు రాయకు. వద్దంటే వద్దు.

ఇప్పుడు గేర్‌బాక్సు. కొత్త బళ్లకి గేర్ ఆయిల్ చూసుకునే డిప్‌స్టిక్ కూడా పెట్టడం మానేశారు. ‘జీవితాంతం మార్చక్కర్లేదు’ అని పుస్తకంలో అచ్చు వేశారు. ఎవరి జీవితాంతం? బండిదా, వారంటీదా? నలభై అయిదు వేలకి మార్పించాలి. వెనక ఇరుసు ఆయిల్ కూడా అప్పుడే. కూలెంట్ చలి మొదలయ్యేలోగా పరీక్ష చెయ్యి, సున్నాకి నలభై డిగ్రీల కింద దాకా గడ్డకట్టకుండా తట్టుకోవాలి. బ్రేక్ ఆయిల్ మూడేళ్లకోసారి. అన్నిటికంటే ముఖ్యం, చలిలో బండి స్టార్ట్ చేసి వదిలేసి లోపల కాఫీ తాగుతూ కూర్చోకు. మైళ్లు పెరగవు గాని ఆయిల్లో పెట్రోలు కలుస్తుంది. అలా చెడిపోయిన ఇంజన్లు నేను ఎన్ని విప్పానో.

నాన్న గుర్తున్నాడా? ఆయిల్ మార్చే ముందు డిప్‌స్టిక్ కొసతో తెల్ల కార్డు మీద ఒక చుక్క వేసేవాడు. తెల్లారి దాకా ఆరనిచ్చి కిటికీ దగ్గర పట్టుకుని చూసేవాడు. మధ్యలో నల్లగా ముద్ద కడితే మసి. చుట్టూ లేత పసుపు వలయం బాగా పాకితే పెట్రోలు కలిసినట్టు. డాక్టరు ఎక్స్‌రే చూసినంత శ్రద్ధగా చూసేవాడు. ఆ చుక్క ఒక్కటి నా కంటపడితే బండి ఎలా ఉందో ఇక్కడి నుంచే చెప్పేస్తాను. ఏం లాభం, గోడకి ఇవతల ఉన్నాను.

నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. ఏదో ఒకటి నాకు అంతుపట్టడం లేదు. పోనీలే.

ట్రెంట్

*

నవంబర్ 29

అన్నయ్యా,

ఇదిగో, నీ ఎక్స్‌రే.

డిప్‌స్టిక్ కొసతో నేనే వేశాను, రాత్రంతా పొయ్యి పక్కన ఆరబెట్టాను. వెనకాల తేదీ, మైళ్లు రాశాను. నా కంటికి మధ్యలో మసి పెద్దగా లేదు, వలయం మాత్రం కాస్త ఎక్కువే పాకింది. మొన్నటి మంచులో రెండు మూడు సార్లు బండి స్టార్ట్ చేసి వదిలేసిన మాట నిజమే. తిట్టు, పడతాను.

థాంక్స్‌గివింగ్‌కి అమ్మ చేసే లెఫ్సె రొట్టెలు ప్రయత్నించాను. మ్యాపుల్లా వచ్చాయి. లోవెల్ ఒకటి ఎత్తి పట్టుకుని ‘ఇది కెనడా’ అని తినేశాడు. నీకు ఒకటి పక్కన పెట్టబోయి, ఎవరికి పెడుతున్నానా అని నా మీద నాకే నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

చుక్క చూసి వెంటనే రాయి.

నీ చెల్లి,
కారిన్

*

జనవరి 9

అన్నయ్యా,

ఆరు వారాలయింది. ఒక్క ముక్క లేదు. ఫోను కూడా లేదు. క్రిస్మస్‌కి పంపిన ఉత్తరానికీ జవాబు లేదు. జైలుకి ఫోన్ చేస్తే, ‘అతను ప్రస్తుతం ఫోను వాడుకునే వీలు లేదు’ అని పెట్టేశారు.

బండి స్టార్ట్ చేసి వదిలేశానని కోపమా? హాకన్సన్ గురించి రాశాననా? నీకు ముక్కు మీదే కోపం, నాకు తెలుసు. చిన్నప్పుడు నీ సైకిలు గొలుసు తెంపినందుకు మూడు వారాలు మాట్లాడలేదు. కానీ అప్పుడు పక్క మంచం మీదే ఉండేవాడివి. లోవెల్ అంటాడు, ‘మీ అన్నకి ఏదో అయి ఉంటుంది, అలిగే మనిషైతే నాలుగు తిట్లు రాసి మరీ అలుగుతాడు’ అని. అతనికి నీ మీద నాకంటే నమ్మకం ఉన్నట్టుంది.

ఒక్క అక్షరం రాయి. తిట్టు అయినా సరే.

నీ చెల్లి,
కారిన్

*

జనవరి 24

కారిన్,

నిన్ననే బయటికి వదిలారు. జైల్లోంచి కాదు, ఒంటరి గదిలోంచి. యాభై రోజులున్నాను.

నీ కార్డు నా చేతికి రాలేదు. ఉత్తరాలు విప్పే గదిలోనే ఆపేశారు. ఈ మధ్య కాగితాలకి మత్తుమందు పట్టించి ఆరబెట్టి లోపలికి పంపుతున్నారు, అందుకని మరక పడిన ప్రతి కాగితాన్నీ అనుమానిస్తారు. నీ కార్డు మీద ఏదో మందు చుక్క వేశారు, రంగు మారింది. అంతే. డిసెంబర్ మొదటి వారంలో సంకెళ్లు వేసి తీసుకుపోయారు. అసలు పరీక్షకి రాష్ట్ర ల్యాబుకి పంపారట, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. మార్చి 20 ఉంటుందో ఊడుతుందో తెలియదు.

ఆ గదిలో చేసే పనేముంది? నీ ఉత్తరాలు తలచుకుంటూ కూర్చున్నాను. అప్పుడు దొరికింది నాకు అంతుపట్టనిది. ఫిల్టర్లో ముందే ఆయిల్ నింపి బిగించానన్నావు. అది నేను నీకు నేర్పలేదు, నాన్న నేర్పలేదు. మన షెడ్డులో ఎవరూ అలా చెయ్యరు. సైన్యంలో డీజిల్ లారీలు చూసినవాళ్ల అలవాటది. సైన్యంలో లోవెల్ చేసింది ఆ పనే. లోవెల్ అలవాటు.

అంటే బండి వాడే ముట్టుకున్నాడు. చుక్క వాడే వేశాడు. దాంట్లో ఇంకేం కలిపాడో వాడికే తెలియాలి. నేను బయటికి రావడం ఎవరికి ఇష్టం లేదో ఆలోచించు. కోర్టులో ఒకసారి లోపలికి తోశాడు, ఇప్పుడు తలుపుకి గడియ పెట్టాడు.

విచారణ చేసే ఆఫీసరు ‘ఇది ఎవరు పంపారో చెబితే నీకు మంచిది’ అన్నాడు. లోవెల్ పేరు చెప్పాను. రాసి సంతకం పెట్టాను. నీకు ఏ సంబంధం లేదని కూడా రాశాను, భయపడకు.

ట్రెంట్

*

ఫిబ్రవరి 4

ట్రెంట్,

నీ ఉత్తరం కంటే షెరీఫ్ మనుషులు ముందొచ్చారు. ముగ్గురు. షెడ్డంతా తిరగేశారు. ఆయిల్ డబ్బాలు మూతలు తీసి వాసన చూశారు. నా సొరుగుల్లో చేతులు పెట్టారు. లోవెల్ వాళ్లకి కాఫీ పెట్టి ఇచ్చాడు. ఆ సాయంత్రమే స్కూలు నుంచి ఫోను వచ్చింది: విచారణ తేలేదాకా బస్సు ఎక్కొద్దని. మత్తుమందు కేసులో పేరున్న మనిషి చేతికి పిల్లల్ని ఎవరిస్తారు? తప్పు వాళ్లది కాదు.

ఇప్పుడు నిజం విను. బండి పని లోవెలే చేశాడు. అన్నిసార్లూ అతనే చేశాడు. కిందటి సెప్టెంబర్‌లో గోదాములో బస్తా లాగుతుంటే నా కుడి భుజంలో కండరం తెగింది. ఆపరేషన్ అయింది. చెయ్యి తల దాకా లేవదు, బండి కింద పడుకుని బోల్టు ఎలా విప్పను? నీకు చెబితే లోపల కూర్చుని కుములుతావని చెప్పలేదు. లోవెల్ చేస్తున్నాడని చెబితే బండి అమ్మెయ్యమంటావని చెప్పలేదు. అబద్ధం నాది. అతను ‘మీ అన్నకి నిజం రాయి’ అని పోరుతూనే ఉన్నాడు. నీ ఉత్తరం చేతిలో పట్టుకుని వాక్యం వాక్యం చదివి చేశాడు. ఫిల్టర్ దగ్గర మాత్రం, ‘ఇది నా పద్ధతి, దీనికేం అనడులే’ అన్నాడు.

కార్డు మీద చుక్క కూడా అతనే వేశాడు. నువ్వు సంతోషిస్తావని. పంపుదామన్న ఆలోచన నాది, చుక్క అతనిది. అందులో ఆయిల్ తప్ప ఇంకేం లేదు.

లోవెల్ కోర్టులో అబద్ధం చెప్పలేదు. మధ్యాహ్నం నాలుగింటికి, పట్టపగలు, నువ్వు తాగి కో-ఆపరేటివ్ బండి నడిపావు. ఉత్తరాలు తీసుకోవడానికి మెయిల్‌బాక్సు దగ్గరికొచ్చిన ముసలాయన కాలు పోయింది. ఆ మాట ఇన్నాళ్లూ నేను నీకు రాయలేదు. నువ్వు నా అన్నవని.

ఒక్కటే అడుగుతున్నాను. ఆ ఆఫీసరు దగ్గరికి వెళ్లి, ‘కోపంలో చెప్పాను, నాకు తెలిసింది ఏమీ లేదు’ అని చెప్పు. మార్చి 6న స్కూలు బోర్డు కూర్చుంటుంది. ఆ లోపల నువ్వు ఆ ముక్క చెబితే అతని ఉద్యోగం నిలబడుతుంది.

కారిన్

*

ఫిబ్రవరి 17

కారిన్,

భుజం సంగతి చెప్పి ఉండాల్సింది. మొదట్లోనే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదా? ఆ మాట కూడా ఆలోచించు. నేను ఏ ఆధారంతో అలా అనుకున్నానో, ఆ ఆధారం నీ అబద్ధమే కదా.

నువ్వు అడిగింది నాకు అర్థమయింది. కానీ నీకు ఇక్కడి సంగతి అర్థం కాలేదు. సంతకం పెట్టిన మాట వెనక్కి తీసుకుంటే తప్పుడు వాంగ్మూలం కింద ఇంకో కేసు రాస్తారు. అది ఫైల్లో పడితే మార్చి 20 గోవిందా. రెండేళ్లు, కారిన్. నువ్వు ఆ గది చూడలేదు. తలుపు కింది సందులోంచి పళ్లెం తోస్తారు. లైటు ఆర్పరు. నా గొంతు నాకే వినబడక, గేర్ ఆయిల్ మార్చే పద్ధతి పైకి చదువుకుంటూ కూర్చునేవాణ్ణి, మొదటి బోల్టు నుంచి చివరి బోల్టు దాకా.

మార్చి 20 దాటనివ్వు. మర్నాడే చెబుతాను. రెండు వారాల తేడాకి స్కూలు వాళ్ల కొంపలేం మునిగిపోవు. డ్రైవర్లు దొరక్క ఏడుస్తున్నారని నువ్వే రాశావు. లోవెల్ ఓపిక గలవాడు, ఆగుతాడు.

బండి రోజుకోసారైనా కదుపుతున్నారా? రాత్రిళ్లు ఇంజన్ హీటర్ ప్లగ్గు పెట్టడం మర్చిపోవద్దు.

ట్రెంట్

*

మార్చి 8

మొన్న రాత్రి బోర్డు కూర్చుంది. ఏడు నిమిషాల్లో తేల్చేశారు. తీసేశారు.

లోవెల్ ఒక్క మాట అడిగాడు, పిల్లలకి చెప్పి రావచ్చా అని. వద్దన్నారు. ఆ చిన్నపిల్ల తీసుకుపోయిన టోపీ ఇంకా వాళ్లింట్లోనే ఉంది.

కారిన్

*

మార్చి 23

చెల్లెమ్మా,

ఒప్పుకున్నారు! మే 12న బయటికి. 

అంతా వివరంగా చెబుతాను. ముందు ల్యాబు కాగితం చదివారు. పదమూడో తేదీన వచ్చిందట. కార్డు మీద వాడిన ఇంజన్ ఆయిల్, కొంచెం పెట్రోలు, అంతకు మించి ఏమీ లేదని. ఆ పెట్రోలు మాట వినగానే నవ్వొచ్చింది, బండి స్టార్ట్ చేసి వదిలెయ్యొద్దన్నానా లేదా!

తర్వాత ఒకావిడ ఫైల్లోంచి ఉత్తరం తీసి చదివింది. లోవెల్ రాసింది. డిసెంబర్ పదో తేదీది, ఈ గొడవేదీ మీకు తెలియక ముందుది. నువ్వు నాకు చెప్పలేదు. నీకు తెలుసో లేదో. ‘సాక్ష్యం చెప్పింది నేనే, అందుకే ఈ మాట కూడా నేనే చెప్పాలి’ అని మొదలుపెట్టాడు. నేను మంచి పనివాణ్ణట. తాగుడు మానితే నా అంత నమ్మకమైన మనిషి కౌంటీలో లేడట. ఇంట్లో గది సిద్ధంగా ఉందట, మా బావ బండిని రేపే వచ్చి ఎక్కుతాడన్నట్టు చూసుకుంటున్నామని రాశాడు.

చదవడం అయ్యాక ఆవిడ కళ్లజోడు తీసి నన్ను అడిగింది, ‘ఈ మనిషి మీదేనా మీరు ఫిర్యాదు రాసింది?’ అని. ‘పొరపాటు పడ్డాను’ అన్నాను. ల్యాబు రిపోర్టు వచ్చేసింది కనుక ఇంకేమీ రెట్టించలేదు. వాళ్ల నిర్ణయంలో రాసిన కారణాల్లో మొదటిది లోవెల్ ఉత్తరమే.

కనుక లోవెల్‌కి నా తరఫున చెప్పు. ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. ఉద్యోగం సంగతి నేను వచ్చాక స్వయంగా వెళ్లి స్కూలు వాళ్లతో మాట్లాడతాను. అన్నీ సర్దుకుంటాయి.

పెరోల్ ఆఫీసరు మీ ఇంటికి వస్తుంది. నేను మీ ఇంట్లో ఉండడానికి ఒప్పుకుంటున్నట్టు ఒక కాగితం మీద సంతకం కావాలి. మామూలు తంతు. మే 12 పొద్దున తొమ్మిదింటికి గేటు దగ్గర ఉండండి. వచ్చేముందు ఆయిల్ ఒకసారి మార్చండి. బ్రేక్ ఆయిల్‌కి కూడా మూడేళ్లు నిండొచ్చాయి.

నీ అన్నయ్య,
ట్రెంట్

*

ఏప్రిల్ 11

ట్రెంట్,

లోవెల్ బోర్డుకి రాశాడని నాకు తెలియదు. నీ ఉత్తరం అతనికి చదివి వినిపించి అడిగాను. ‘నీకు చెబితే ఆశ పెట్టుకుంటావని చెప్పలేదు’ అన్నాడు. మన ముగ్గురం ఒకరి మంచి కోసం ఒకరం దాచుకుంటూ వచ్చామనిపించింది మొదట. తర్వాత లెక్క చూసుకుంటే, దాచింది మేమిద్దరమే. నువ్వు ఏదీ దాచలేదు. నీకు ఏది ముఖ్యమో ఫిబ్రవరిలో అక్షరం అక్షరం రాశావు.

లోవెల్ స్కూలు బోర్డుకి ల్యాబు కాగితం తీసుకెళ్లాడు. ‘సంతోషం’ అన్నారు. ఆ రూటుకి అప్పటికే వేరే మనిషిని తీసుకున్నారు. ఇప్పుడు అరవై మైళ్ల అవతల పందుల ఫారానికి దాణా లారీ తోలుతున్నాడు. పొద్దున నాలుగున్నరకి అలవాటు కొద్దీ మెలకువ వస్తుంది, కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటాడు. ఊళ్లో ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ అతన్ని చూసి పిల్లల్ని పక్కకి లాక్కుంటారు. ల్యాబు రిపోర్టు వాళ్లింటికి ఎవరు తీసుకెళ్తారు?

నువ్వు మార్చి 21న చెబుతానన్నావు. 23న రాసిన ఉత్తరంలో ఉద్యోగం సంగతి వచ్చాక మాట్లాడతానన్నావు. క్షమించమన్న మాట కోసం ఆ ఉత్తరం నాలుగుసార్లు వెతికాను. బ్రేక్ ఆయిల్ కనబడింది.

ఆ ఆఫీసరు సోమవారం వచ్చింది. మంచి మనిషి. నీ గది చూసింది. మంచం, దుప్పటి, పరదాలు అన్నీ లోవెల్ డిసెంబర్ మొదట్లోనే సర్ది పెట్టాడు, షెరీఫ్ మనుషులు రావడానికి ముందే. కాగితం బల్ల మీద పెట్టింది. లోవెల్ పెన్ను తీశాడు. ‘పెట్టేద్దాం, కారిన్. ఆయనకి మనం తప్ప ఎవరున్నారు?’ అన్నాడు. ఆవిడ కాగితం తిప్పి చూసి, ఇల్లు ఎవరి పేరన ఉందని అడిగింది. నా పేరన. అమ్మా నాన్నా నాకే రాశారు, నీకు తెలుసు. అయితే మీ సంతకమే కావాలి, ఆయనది చెల్లదు అంది.

ఆలోచించుకోవడానికి మూడు రోజులు గడువు అడిగాను. లోవెల్ బతిమాలాడు. చిన్నప్పటివన్నీ గుర్తు చేశాడు, నాకంటే అతనికే ఎక్కువ గుర్తున్నాయి. నేను నీ కోసం ఏడ్చాను, అది కూడా రాస్తున్నాను, రాయకపోతే నాకు గుండె లేదనుకుంటావు.

ఇవాళ, గురువారం, ఆవిడ మళ్లీ వచ్చింది. నేను సంతకం పెట్టలేదు.

ఇంకో చోటు దొరికేదాకా నిన్ను అక్కడే ఉంచుతారట. పట్నంలో ఖైదీల వసతి గృహం ఉందట, వరస పెద్దదట. ఎన్ని నెలలో ఆవిడ చెప్పలేకపోయింది. పికప్ తాళాలు ఆవిడకిచ్చాను, నువ్వు ఎప్పుడొస్తే అప్పుడు నీ చేతికి ఇస్తుంది. ఉత్తరాలు రాయకు. వస్తే విప్పను.

లోవెల్‌కి ఇంకా చెప్పలేదు. దాణా లారీ దిగి రాత్రికి వస్తాడు. నీ గదిలో దీపం వెలుగుతుందో లేదో చూడడానికి కొత్త బల్బు తెస్తానని పొద్దున వెళ్తూ చెప్పాడు.

కారిన్